ఫెస్టస్ పాతిన ఎర్త్ రాడ్డు

మా అక్క డింప్నా బయట ఆఖరుగా చేసిన పని కోళ్లను గూట్లోకి తోలి గడియ వెయ్యడం. తలుపుకు అడ్డంగా జరిగే ఇనప గడియ అది, ఆకుపచ్చ రంగు వేసినది. కోల్మన్ బావ చేతిపని. వేసిన తర్వాత అక్క దాన్ని అరచేత్తో ఒకసారి తట్టేది, పొలం నుంచి వచ్చిన గుర్రాన్ని తట్టినట్టు. ఆ సాయంత్రం కూడా తట్టింది. లోపలికొచ్చి పొయ్యి మూత తీసి, గోడకు ఆనించి ఉన్న నల్లటి ఊచతో, బురదనేలలో తవ్వి ఎండబెట్టిన పీటు గడ్డలు ఎగదోసింది. ఆ నిప్పుతోనే సిగరెట్టు ముట్టించుకుని కుర్చీలో కూర్చుంది. నేను టీ పోసి ఇటు తిరిగేసరికి సిగరెట్టు కాలుతూనే ఉంది, అక్క లేదు.

నల్లటి ఊచ అన్నాను గదా. మా ఊళ్ళో ఆ ఊచ సంగతి తెలియనివాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కానీ ఇరవయ్యేళ్ళ పాటు అది అక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళు పొయ్యి ఊచే అనుకున్నారు.

మాది మాయో అనే జిల్లా తీరంలో సముద్రంలోకి పొడుచుకెళ్ళిన నేల. చలికాలంలో ఒక్క గాలివాన అయినా కరెంటు స్తంభాలను పడగొట్టకుండా పోదు. పడితే లైను బాగుచేసేవాళ్ళు మా దాకా వచ్చేది అందరికన్నా చివర. అందుకని ఇంటికో జనరేటర్ ఉంటుంది, లేనివాళ్ళకు జనరేటర్ ఉన్న పొరుగువాడు ఉంటాడు. అక్కావాళ్ళకు ఫెస్టస్ పాడన్ ఉండేవాడు. రెండిళ్ళ మధ్య ఒక రాతిగోడ. ఫెస్టస్, కోల్మన్ చిన్నప్పటి నుంచీ ఒకే పడవలో పీతలు పట్టినవాళ్ళు. ఇద్దరిలో ఒకణ్ణి తిడితే రెండోవాడికి కోపం వచ్చేది.

ఇరవై పైచిలుకు ఏళ్ళ కిందట ఒక పెద్ద గాలివాన వచ్చింది. అక్క ఫ్రీజర్ నిండా రెండిళ్ళ గొర్రె మాంసం, చేపలు. ఫెస్టస్ తన జనరేటర్‌ను ట్రాక్టర్ వెనక పెట్టుకొచ్చి అక్క వాకిట్లో దింపాడు. అక్కడి నుంచి రెండిళ్ళకూ తీగలు లాగాడు. దాని పక్కన నేలలోకి ఎర్త్ రాడ్డు కొట్టాడు. రాడ్డు అంటే బొటనవేలంత లావు, రాగి పూత పూసిన నాలుగడుగుల ఊచ. ఒక కొన మొన, రెండో కొన సుత్తి దెబ్బలు తినడానికి. తీగతో జనరేటర్ ఒంటికి దాన్ని కట్టాలి. లోపల ఎక్కడైనా తీగ తోలు ఊడి యంత్రం ఒంట్లోకి కరెంటు దిగితే, అది రాడ్డు దారిన నేలలోకి పోవాలి, ఇంట్లో ట్రిప్ స్విచ్ టక్కున పడిపోయి కరెంటు ఆగాలి. ఇంతే విషయం.

కానీ మా నేల సంగతి మాకు తెలుసు. ఎక్కడ పాతినా జానెడు మట్టి, కింద రాయి. ఊచ రాయికి తగిలి ఆగిపోతే ఏం చెయ్యాలి? తీసి పల్లంలో, తుంగ మొలిచిన తడినేలలో తొడలోతు కాలువ తవ్వి, ఊచను అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పాలి. పొడుగాటి తీగ కావాలి, తవ్వాలి, వానలో నడుం విరుగుతుంది. మా వాళ్ళు చేసేది వేరు. పైకి తేలిన ఊచను ఇనుము కోసే రంపంతో కోసేసి, మిగిలిన మొండికే తీగ పట్టుకునే క్లాంపు బిగించేస్తారు. చూసేవాడికి జానెడు తల కనిపిస్తుంది. అందరి వాకిట్లోనూ అలాగే కనిపిస్తుంది. ఎవరూ లాగి చూడరు.

గాలి తగ్గింది, కరెంటు రాలేదు. వానలేని రోజులు ఒకటి రెండు దొరికితే కోల్మన్ బావ గాలికి ఊడిపోయిన కోళ్ల గూడు తలుపు బాగుచేశాడు, గడియ పెట్టాడు, పడవకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూశాడు. ఆ మర్నాడు జల్లు మొదలైంది. జనరేటర్‌లో పెట్రోలు పోద్దామని బావ వెళ్ళాడు, దాని చట్రం మీద చెయ్యి ఆనించి వంగాడు. నేలలోకి దారి దొరకని కరెంటు బావలోంచి దారి చేసుకుంది.

బావకు స్నానం చేయించింది మేమిద్దరమే. గోళ్ళ కింద ఆకుపచ్చ రంగు ఎంత రుద్దినా పోలేదు. "వదిలెయ్యవే బ్రీజ్. పనిలోంచి లేచి వెళ్ళినట్టుంటాడు," అంది అక్క. అప్పటికింకా దానికి ఏడుపు రాలేదు.

చావు మీద విచారణ జరిగింది. రాడ్డు ఎంత లోతు దిగింది అని అధికారి అడిగాడు. ఫెస్టస్ బైబిలు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. ఒకసారి అక్క వంక చూశాడు.

"నాలుగడుగులూ దిగిందండి," అన్నాడు.

వాకిట్లో రాడ్డు తల, దానికి క్లాంపు పోలీసులు చూసే ఉన్నారు. యంత్రంలో తీగ చెడింది, ప్రమాదం అని రాసుకుని లేచారు. ఇంటికొచ్చి అక్క నల్లకోటు కూడా విప్పకుండా నేరుగా రాడ్డు దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. ముల్లంగిలా ఊడొచ్చింది. మూరెడు ముక్క. కింద మొన, పైన రంపపు కోత.

"పద, పోలీసుల దగ్గరికి," అన్నాను నేను.

"ఇది నువ్వే కోశావని నా మీదికి తోస్తాడు వాడు. కాదని ఎవరు చెప్తారు? మిగతా ముక్క ఈపాటికి సముద్రంలో పారేసుంటాడు, దొంగవెధవ."

"మరి వాడి మొహాన్నే అడుగుదాం."

"అడిగితే జవాబు చెప్తాడే. ఏదో ఒకటి చెప్తాడు, ఏడుస్తాడు, ఫాదర్ వచ్చి చేతులు కలుపుతాడు. నాకొద్దు." ఊచను పొయ్యి పక్కన గోడకు ఆనించింది. "వాడు తిరిగి మాట్లాడలేని రోజు ఒకటుంది. ఆ రోజు ఊరంతా వాడింట్లోనే ఉంటుంది. అప్పుడు తీసుకెళ్తా."

మా దగ్గర మనిషి పోతే ముందుగదిలో శవపెట్టె మూత తీసి ఉంచుతాం. ఊరంతా వచ్చి కూర్చుంటుంది. టీ, పంది మాంసం పెట్టిన రొట్టె, కాస్త విస్కీ, జపమాల. ఎంత పగ ఉన్నా ఆ గడప తొక్కకుండా ఎవరూ ఉండరు, తొక్కినవాళ్ళను ఎవరూ ఆపరు. పోయినవాణ్ణి ఆ గదిలో ఒక్క మాట కూడా అనరు. అక్క ఎంచుకున్నది ఆ గదిని.

ఎంచుకున్నాక దానికి కావలసింది ఒక్కటే, ఫెస్టస్ కన్నా ఎక్కువ బతకడం. ఆ వారమే సిగరెట్టు మానేసింది. టౌనులో డాక్టరు మెచ్చుకున్నాడు.

"కోల్మన్ బతికుంటే ఎంత సంతోషించేవాడు డింప్నా!"

"కోల్మన్ కోసం కాదు డాక్టరు గారూ. మా పొరుగాయన కోసం."

ఆయనకు అర్థం కాలేదు. అక్క పొద్దున్నే ఓట్స్ గంజి తాగేది, వంతెన దాకా నడిచొచ్చేది, ఫెస్టస్ దగ్గాడని తెలిస్తే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది. ఆదివారం చర్చిలో వాడి వెనక బల్ల మీదే కూర్చునేది, మెడ మీద చూపు పెట్టి. పూజలో పక్కవాళ్ళతో చేతులు కలిపే వేళ పక్కనున్నవాళ్ళకూ వెనకున్నవాళ్ళకూ చెయ్యిచ్చేది. ఫెస్టస్ చాచిన చెయ్యి గాలిలో ఉండిపోయేది. ప్రతి వారమూ చాచేవాడు, సిగ్గులేనివాడు. కోల్మన్ వర్ధంతి పూజలో ఎవరి కోసం ప్రార్థన చదవమంటావని ఫాదర్ హెషన్ అడిగితే, "బైబిలు మీద చెయ్యేసి అబద్ధం చెప్పినవాళ్ళ ఆత్మల కోసం" అనేది. ఆయన పాపం చదివేవాడు. ఫెస్టస్ తల వంచుకునేవాడు. అక్క, వెనక నేను, తల ఎత్తి కూర్చునేవాళ్ళం.

నేనూ వాణ్ణి అంతే అసహ్యించుకున్నాను. మెత్తగా రాయడం నాకు చాతకాదు.

దాని జీవితంలో మెత్తనిది ఏదైనా ఉంటే ఆ కోళ్ల గూడే. ప్రతి వసంతంలో గడియకు తనే రంగు పూసేది, అదే ఆకుపచ్చ. మర్చిపోకుండా నూనె పట్టించేది. "కోల్మన్ ఆ పూటంతా ఈ తలుపుతోనే సరిపెట్టాడు, జనరేటర్ వైపు చూడనే లేదు. రాడ్డు మొండిదని తెలిస్తే తడినేల మీద నిలబడి దాన్ని ముట్టుకునే మనిషా?" అనేది. పొయ్యి దగ్గరికొచ్చి ఊచ అందుకునేటప్పుడు మాత్రం నోరు బిగించేది. అలా పగలంతా ఒక చేతికి గడియ, ఒక చేతికి ఊచ.

చివరికి ఫెస్టస్ పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము, మంచం మీద. ముందురోజే గాలివాన వచ్చి తీరమంతా కరెంటు పోయి ఉంది. కబురు తెలిసేసరికి నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. అది లేచింది. నల్లకోటు వేసుకుంది. పొయ్యి దగ్గర ఊచ తీసి, పాత పేపరుతో మసి తుడిచి, బజారు సంచిలో పెట్టుకుంది.

"అక్కా, చచ్చిపోయినవాడి దగ్గరికా?"

"మరి? బతికినవాడి దగ్గరికి ఎవరైనా వెళ్తారు. పద."

మధ్యాహ్నమే చీకటి కమ్మినట్టుంది. పాడన్ వాళ్ళ వాకిట్లో మనుషులు గోడ వెంబడి వరసగా నిలబడ్డారు, టోపీలు చేత్తో పట్టుకుని. ఇంటి పక్కన జనరేటర్ మోగిపోతోంది. టీ కాచే పెద్ద పాత్రకూ, లోపల దీపాలకూ దాని నుంచే తీగలు. చుట్టూ నీళ్ళు నిలిచాయి. అక్క వరసలోంచి పక్కకు తప్పుకుని దాని దగ్గర ఆగింది. నేల మీద జానెడు రాడ్డు తల, దానికి మెరుస్తున్న కొత్త క్లాంపు. అక్క బూటుతో తోసింది. ఊగింది. వంగి, క్లాంపు పక్కకు తిప్పి లాగింది.

మూరెడు ముక్క. పైన రంపపు కోత.

అక్క మొహం నేను చూశాను. అడగని కానుక ఎవరో చేతిలో పెట్టినట్టుంది. సంచిలో ఒకటి, చేతిలో ఒకటి.

"కొడుకులకు కూడా నేర్పాడే," అంది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి, మెల్లగా, "బ్రీజ్, నేను లోపలికి కూడా వెళ్ళక్కర్లేదు. ఏమీ మాట్లాడక్కర్లేదు. దీన్ని ఎక్కడిదక్కడ గుచ్చేసి ఇంటికెళ్ళి కూర్చుంటే చాలు."

నేను వద్దనలేదు. అవుననీ అనలేదు. అక్క మొండిని తిరిగి ఆ కన్నంలో పెట్టబోయింది కూడా. ఇంతలో వెనక తలుపు తెరుచుకుని ఫెస్టస్ భార్య వినీ బయటికొచ్చింది, మోచేతుల దాకా గిన్నెలు కడిగిన తడి.

"పాత్ర వేడెక్కట్లేదు, ప్లగ్గు వదులైందో ఏమో," అని ఎవరితోనో అంటూ జనరేటర్ మీదికి చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!"

అక్క ఊచతో వినీ చేతి మీద కొట్టింది. కొట్టి, స్విచ్ ఆపేసింది. మోత ఆగిపోయింది. ఇంట్లో దీపాలు పోయాయి. లోపల జపమాల ప్రార్థన మధ్యలో తెగింది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఫెస్టస్ కొడుకులు కహల్, డెక్లన్ సూట్లలో పరుగెత్తుకొచ్చారు.

"ఏం చేస్తున్నావ్ డింప్నా ఆంటీ! నాన్న చీకట్లో ఉన్నాడు!" అని అరిచాడు కహల్.

"మీ నాన్నకు వెలుతురుతో పనేం లేదు. ఇది కొట్టింది ఎవర్రా?"

కహల్ ఆ మొండిని చూశాడు. "రాయి తగిలింది. ఎక్కడ కొట్టినా..."

"కోశావు."

"అందరూ కోస్తారు ఆంటీ! మీ వాకిట్లో..." అని ఆగిపోయాడు.

అక్క సంచిలోంచి పాతది తీసింది. రెండూ పక్కపక్కన పట్టుకుని పైకెత్తింది, ఫాదర్ హెషన్ కూడా గుమ్మంలోకి వచ్చేదాకా ఆగింది.

"మా వాకిట్లోది ఇదీ," అంది. "మీ నాన్న నాలుగడుగులూ దిగిందని బైబిలు మీద చెయ్యేసి చెప్పినది. ఇరవయ్యేళ్ళ నుంచి నా పొయ్యి ఎగదోస్తోంది. అందరూ చూడండి. తండ్రి నా మొగుణ్ణి చంపాడు, కొడుకు సొంత తల్లిని చంపబోయాడు. ఒకే రంపం."

వరసలో ఒక ముసలాయన, "ఇవాళ కాదమ్మా, శవం ఇంట్లో ఉండగా..." అన్నాడు.

"ఇవాళే పాట్సీ. నీ వాకిట్లోది కూడా రేపొచ్చి లాగుతా." ఆ మాటకు వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అక్క కొడుకుల వైపు తిరిగింది. "పారలు తెండి. ఆ పల్లంలో, తుంగ దగ్గర. తొడలోతు. ట్రాక్టర్ షెడ్డులో కొత్త రాడ్డు ఉంటుంది, మీ వాళ్ళు దాచుకోడానికి కొంటారు. తవ్వేదాకా ఈ ఇంట్లో దీపం వెలగదు."

"సూట్లలోనా?" అన్నాడు డెక్లన్.

"కోల్మన్ సూట్‌లో పడుకున్నాడుగా నాయనా, మీరు తవ్వితే ఏం?"

తవ్వారు. తండ్రి చీకటి గదిలో కొవ్వొత్తుల మధ్య పడుకుని ఉండగా, ఊరంతా గోడ మీద మోచేతులు ఆనించి చూస్తుండగా, వానలో, బురదలో, టైలు భుజం మీదికి వేసుకుని తవ్వారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏం జరుగుతోందని అడిగేవారు, వరసలోవాళ్ళు చెప్పేవారు. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచీ చెప్పేవారు. డెక్లన్ ఏడుస్తున్నాడు, తండ్రి కోసమో సిగ్గుకో తెలియదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు నోట్లో తీపి ఊరుతోంది. అక్క కాలువ గట్టున నిలబడి, "ఇంకా లోతు. ఇంకా," అంటూనే ఉంది. రాడ్డును పడుకోబెట్టి, మట్టి కప్పి, తీగ లాగి బిగించాక, తనే లాగి చూసి, "ఇప్పుడు వెయ్యి," అంది.

దీపాలు వచ్చాయి. వినీ టీ కప్పు తెచ్చి అక్క ముందు నిలబడింది. దెబ్బ తగిలిన మణికట్టు వాచింది.

"డింప్నా, ఆ రోజు సంగతి నీకో మాట చెప్పాలి. ఫెస్టస్ చెప్పొద్దన్నాడు గానీ..."

"చెప్పొద్దన్నాడుగా, మొగుడి మాట విను. ఇరవయ్యేళ్ళు విన్నావు, ఇంకో పూట వినలేవా?"

వినీ కప్పు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. అక్క ముందుగదిలోకి వెళ్ళి పెట్టె మీదికి వంగింది. "నీకన్నా ఎక్కువ బతికా," అంది, అందరికీ వినపడేలా. కొడుకులు కోసిన మొండిని కహల్ చేతిలో పెట్టింది. "దీన్ని నీ పిల్లలకివ్వు. ఆస్తి." పాతదాన్ని మాత్రం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. పొయ్యి ఎగదొయ్యాలి గదా.

ఆ సాయంత్రమే షాపుకు కారు తియ్యమంది. సిగరెట్ పెట్టె కొనుక్కొచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది, సుఖంగానే. చర్చిలో ముందు బల్ల ఖాళీ అయ్యాక ఎవరి మెడ వంక చూడాలో తెలియక కిటికీలు చూసేది. వినీ గాల్వే పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడే అక్క కన్నా ముందు పోయింది. ఊళ్ళో చాలామంది పల్లాల్లో కాలువలు తవ్వారు. తవ్వినప్పుడల్లా ఫెస్టస్ పేరు చెప్పుకున్నారు, మంచిగా కాదు.

అక్కను పాతిపెట్టాక కోళ్లను ఏం చెయ్యాలో నాకు తోచలేదు. కహల్ వచ్చాడు. అతను రావడం నాకు నచ్చలేదు, అయినా కోళ్లకు గింజలు కావాలి.

"గూడు కూడా తీసుకెళ్తా ఆంటీ. తలుపుకు కొత్త గడియ తెచ్చా," అన్నాడు.

"పాతది ఇచ్చెయ్. అది మా బావ చేతిపని."

తీసి ఇచ్చాడు. ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన బల్ల మీద పెట్టాను, దాచుకుందామని. ఇరవై పైచిలుకు వసంతాల రంగు దాని మీద తోలులా పేరుకుంది. ఒక కొన దగ్గర ఆ తోలు పగిలి పెచ్చు లేచి ఉంటే గోటితో తీశాను. లోపల రాగి పూత. రెండో కొన దగ్గరా గీకాను. అక్కడ సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా చితికిన తల.

గోడకు ఆనించిన నల్లటి ఊచను తెచ్చి దాని పక్కన పెట్టాను. రంపం మొదట ఒకచోట జారి, పక్కన మళ్ళీ మొదలుపెట్టిన గాటు రెండింటి మీదా ఉంది. కోతకు కోత ఆనించాను. వెంట్రుక కూడా దూరలేదు. రెండూ కలిపితే నాలుగడుగులు.

గడియ కోత మీద, రంపం గీతల్లోకి దిగిపోయి, అన్నిటికన్నా అడుగున ఉన్న పొర బావ పూసినది, పడవకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు.